ఫ్యాను మీట ఎవరి చేతికందాలి?

గుంతకల్లులో మా అక్క ఇంట్లో స్విచ్చిబోర్డు తలుపు పక్కన, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంది. అన్ని ఇళ్ళల్లోనూ అట్లే ఉంటుంది, అందులో వింతేమీ లేదు. అక్క కూతురికి పదకొండేళ్ళు. కాన్పులో మెదడుకు ప్రాణవాయువు అందక సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. నిలబడలేదు. కూర్చోబెడితే కూర్చుంటుంది, నేల మీద దేకుతూ గడప దాకా వస్తుంది. ఎడమ చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. కుడిచేతి పిడికిలితో మాత్రం ఒక వస్తువును గురిచూసి కొట్టగలదు. మాట ముద్దగా వస్తుంది, ఇంట్లో వాళ్ళకే అర్థమవుతుంది. బుద్ధికి ఏ లోటూ లేదు. ఇంట్లో ఎవరెవరికి ఎంత బాకీ ఉందో అక్క కంటే పాపకే బాగా గుర్తు.

పొద్దున ఏడింటికి అక్క రైల్వే క్వార్టర్లలో రెండిళ్ళ పనికి పోతుంది. బావ బెంగళూరులో సెంట్రింగు పనిలో ఉంటాడు, పండగలకు వస్తాడు. బోర్డులో స్విచ్చి వదులై చిటచిటమంటూ ఉంటుంది. మనిషి లేనప్పుడు ఫ్యాను తిరుగుతుంటే అక్కకు భయం, నిప్పంటుకుంటే లేచి బయటికి రాలేని పిల్ల లోపలుంది కదా. అందుకని ఆపి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆమె తిరిగొచ్చేసరికి పిల్ల చెమటకు తడిసి ముద్దై ఉంటుంది. వీధిలో పోయే పెద్దమ్మనో అత్తనో కేకేస్తే, ఆ కేక వాళ్ళకు వినబడితే, వినబడినా తీరికుంటే, ఫ్యాను తిరుగుతుంది. మొన్న ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు పాప నన్నడిగింది: "మామా, ఆ స్విచ్చి కిందికి రాదా?"

యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నవాణ్ణి కాబట్టి కాయితాల సంగతి నాకు తెలిసి ఉంటుందని మా ఇంట్లో నమ్మకం. తెలియదు. తెలుసుకోవడానికి ఏడాది పట్టింది. స్విచ్చి కిందికి తేవడానికి ఏం కావాలి, ఎంతవుతుంది, ఆ డబ్బు ప్రభుత్వం దగ్గర ఏ పద్దు కింద ఉంది, ఉన్నది మన వాడలకు ఎందుకు రావడం లేదు అన్నవి ఇక్కడ రాస్తున్నాను. ఇట్లాంటి పిల్లలున్న ఇళ్ళు ప్రతి వాడలోనూ ఉన్నాయి. వాళ్ళ తరఫున అర్జీ రాసేది సంఘాల్లో పనిచేసేవాళ్ళు, టీచర్లు, చదువుకుంటున్న పిల్లలే.

ఇదంతా చిన్న విషయమని కొందరి అభిప్రాయం. "భూమి సమస్య ఉంది, దాడుల కేసులున్నాయి, బ్యాక్‌లాగ్ పోస్టులున్నాయి, నువ్వు పోయి పోయి ఫ్యాను మీట పట్టుకున్నావు" అని ఒక మిత్రుడు నవ్వాడు. 1927లో మహద్‌లో చెరువు నీళ్ళు చేతికందే దూరంలోనే ఉన్నాయి. తాకే హక్కు లేదన్నారు. అంబేద్కర్ వేల మందితో పోయి తాకాడు. పాప ఫ్యానూ ఆ నీళ్ళూ ఒకటేనని నేననడం లేదు, అట్లా అంటే రెండింటినీ తక్కువ చేసినట్టవుతుంది. కానీ ఒక వనరు ఊళ్ళో ఉండటం వేరు, అది మన చేతికందడం వేరు అనే సంగతి దళితులకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఎస్సీ ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు అనే పథకం ఉంది. కరెంటు గోడ దాకా వచ్చింది. గోడ నుంచి పిల్ల పిడికిలి దాకా ఉన్న మూడు అడుగుల దూరానికి మాత్రం పథకం కనబడదు.

ఇంకో లెక్క కూడా చూడాలి. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం. షెడ్యూల్డు కులాల్లో ఆ శాతం 2.45. ఎస్సీ, ఎస్టీ కాని మిగతా వారిలో 2.18. తేడా చిన్నదిగా కనబడుతుంది గానీ కోట్ల జనాభా మీద లక్షల మనుషులవుతారు. కాన్పుకు ఆస్పత్రి దూరం కావడం, తల్లికి తిండి చాలకపోవడం, ప్రమాదకరమైన పనులు మన వాళ్ళ మీదే పడటం, ఇవన్నీ ఆ తేడాలో ఉన్నాయని నేననుకుంటాను. అయినా వికలాంగుల మీద వచ్చే రాతల్లో కులం ఉండదు. మన పత్రికల్లో వైకల్యం ఉండదు. ఈ రెండో తప్పు మనదే.

మీట ఏర్పాటు

కంపెనీల వాళ్ళు హోమ్ ఆటోమేషన్ అంటారు. ఆ మాట వింటే హైదరాబాదులో విల్లాలు, సోఫాలో కూర్చుని ఫోనుతో కర్టెన్లు మూసే పెద్దమనుషులు గుర్తుకొస్తారు. పుట్టుక చూస్తే ఇది వాళ్ళది కాదు. 1960ల మొదట్లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో, మెడ కింద ఏ భాగమూ కదలని రోగుల కోసం రెజ్ మేలింగ్ అనే ఆయన ఒక యంత్రం తయారుచేయించాడు. గొట్టంలోకి ఊదితే, పీలిస్తే లైటు వెలగడం, గంట మోగడం, టైపురైటరు కొట్టుకోవడం జరిగేవి. దానికి పాసమ్ అని పేరు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం 'నేను చేయగలను'. అవసరం వికలాంగులది, ఆ తర్వాత సోకు డబ్బున్నోళ్ళది అయింది.

గుంతకల్లు వాళ్ళకైతే ఇది అస్సలు కొత్త కాదు. మాది రైల్వే డివిజను ఊరు. ఒకచోట కూర్చుని మీట వేస్తే అర మైలు దూరంలో పట్టా మారడం, సిగ్నలు పడటం మా తాతలు చూసిందే. ఆ కేబిన్‌లో తీగల మధ్య చేసే పని రిలేది. చిన్న కరెంటుతో ఒక అయస్కాంతాన్ని కదిలించి, దాంతో పెద్ద కరెంటును తెరిచి మూయడం, రిలే అంటే అంతే. పాప ఫ్యానుకు కావలసింది కూడా అదే.

ఏర్పాటు ఇట్లా ఉంటుంది. పాప కూర్చునే చోట అరచెయ్యంత వెడల్పున్న ఒక బటన్. పిడికిలితో కొట్టినా పనిచెయ్యాలి, వంకరగా తగిలినా పనిచెయ్యాలి. దాన్ని చెక్కపలక మీద బిగించి పలకను నేలకు గట్టిగా ఆనించాలి, లేకపోతే కొట్టినప్పుడల్లా జారిపోతుంది. బటన్‌కు వచ్చే కరెంటు 12 వోల్టులు మాత్రమే. అది పైన బోర్డులోని రిలేను కదిలిస్తుంది, రిలే ఫ్యానును నడుపుతుంది. ఒకసారి కొడితే తిరగాలి, మళ్ళీ కొడితే ఆగాలి. పట్టుకుని ఉంచితే తిరిగేది, వదిలితే ఆగేది పనికిరాదు. రెండో బటన్ లైటుకు. మూడోది గంటకు, ఆ గంట పక్కింట్లో మోగాలి. తీగ లేని కాలింగ్ బెల్లు బజార్లో దొరుకుతుంది, దానికి రిలే కూడా అవసరం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 230 వోల్టుల తీగ ఎక్కడా పిల్ల చేతికి తగిలే ఎత్తులోకి రాకూడదు. "బోర్డునే కిందికి దించుతాం లే సార్" అనే ఎలక్ట్రీషియన్లు ఉంటారు, ఒప్పుకోవద్దు. నేల మీద దేకే పిల్ల, నీళ్ళు ఒలికే ఇల్లు. కరెంటు నేలకు పారిన క్షణంలో లైను పడగొట్టే బ్రేకరు, 30 మిల్లీ ఆంపియర్లది, తప్పకుండా పెట్టించాలి. ఎర్తు కూడా సరిగా ఉండాలి. మన కాలనీ ఇళ్ళల్లో చాలావాటికి ఎర్తు తీగ పేరుకే ఉంటుంది. అనంతపురం నేల ఎండినప్పుడు కరెంటును సరిగా పీల్చదు కాబట్టి ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు వేసి అప్పుడప్పుడు నీళ్ళు పొయ్యాలి. కరువు సీమలో ఎర్తుకు కూడా నీళ్ళు కావాలి మరి!

గొంతుతో చెబితే వినే పెట్టెలు కొనమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. అవి ఎక్కువగా ఇంగ్లీషు, హిందీ మాటల మీద, స్పష్టంగా పలికే గొంతుల మీద తయారైనవి. ముద్దగా వచ్చే సీమ తెలుగు వాటికి ఎక్కదు. పైగా ఇంటర్నెట్ ఆగిన రోజు ఫ్యాను కూడా ఆగుతుంది. పాత బటన్, పాత రిలే నయం.

గుంతకల్లు బజార్లో మేము విచారించిన ధరల ప్రకారం బటన్లు, రిలేలు, 12 వోల్టుల అడాప్టరు, గంట, బ్రేకరు, కొత్త స్విచ్చి, తీగ, ఎలక్ట్రీషియన్ కూలి అన్నీ కలిపి ఏడు వేల లోపే. ఈ ఏడు వేలు ఎవరివ్వాలి?

జాబితాలో ఉంది, లారీలో లేదు

అన్నిటికంటే ముందు కావలసింది సదరం సర్టిఫికెట్. సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు తీసుకుని ఆస్పత్రిలో బోర్డు ముందుకు పిల్లను తీసుకుపోవాలి. పదకొండేళ్ళ పిల్లను చంకన వేసుకుని బస్సెక్కడం ఎట్లా ఉంటుందో అక్కను అడగాలి. ఆ పూట కూలి పోతుంది, ఒక్కోసారి డాక్టరు రాక ఆ పూటా వృథా అవుతుంది. చాలామంది సర్టిఫికెట్‌లో శాతం మాత్రమే చూసుకుని, నలభై దాటిందా లేదా అని చూసి ఇంటికొస్తారు. మేమూ అట్లే చేశాం. తర్వాత చూస్తే అందులో కాళ్ళూ చేతుల వైకల్యం మాత్రమే రాశారు, మాట సంగతి రాయలేదు. ఇది ఎంత నష్టమో కాస్త ముందుకు పోతే తెలుస్తుంది.

పరికరాలకు డబ్బిచ్చే కేంద్ర పథకం ఒకటుంది. వికలాంగులు సహాయక పరికరాలు కొనుక్కోవడానికి, అమర్చుకోవడానికి సాయం చేసే పథకం. 1981 నుంచి నడుస్తోంది. ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఏడీఐపీ అంటారు. వైకల్యం నలభై శాతం ఉండాలి. కుటుంబానికి నెలకు 22,500 రూపాయల లోపు ఆదాయముంటే పరికరం పూర్తిగా ఉచితం, 30,000 దాకా ఉంటే సగం ఖర్చు ఇస్తారు. ఒకసారి సాయం పొందితే అదే అవసరానికి మళ్ళీ మూడేళ్ళ దాకా ఇవ్వరు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు మాత్రం ఆ గడువు ఒక్క ఏడాదే, ఎదిగే పిల్లలకు పరికరం చిన్నదైపోతుంది కాబట్టి.

అసలు విషయం ఈ పథకం మార్గదర్శకాల్లో ఉంది. ట్రైసైకిళ్ళు, చక్రాల కుర్చీలు, చంక కర్రలు, కృత్రిమ అవయవాలు, ఇవన్నీ మనకు తెలిసినవే. వాటి తర్వాత ఒక చిన్న వాక్యం ఉంటుంది: నిత్య జీవితంలోని పనులు చేసుకోవడానికి తోడ్పడే అన్ని రకాల పరికరాలు. ఒకటికి మించి వైకల్యాలున్నవారి విషయంలోనైతే ఇంకా విశాలంగా ఉంది, పునరావాస నిపుణుడు గానీ వైద్యం చేస్తున్న డాక్టరు గానీ సూచించిన తగిన పరికరం ఏదైనా ఇవ్వవచ్చు. ఫ్యాను వేసుకోవడం నిత్య జీవితంలో పని కాదా? పిడికిలితో కొట్టే బటన్ పరికరం కాదా? మాట సంగతి కూడా సర్టిఫికెట్‌లో ఉండి ఉంటే మా పాప ఈ రెండో వాక్యం కిందికి కూడా వచ్చేది. బోర్డు ముందుకు పోయేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకుని, పిల్లకున్న ప్రతి ఇబ్బందీ నోరు తెరిచి చెప్పి రాయించుకోవాలి.

వాక్యం ఉంది, వస్తువు ఎందుకు రాదు? ఎందుకంటే ఈ పథకం జనానికి చేరేది శిబిరాల రూపంలో. పరికరాల్లో ఎక్కువ భాగం తయారుచేసేది కాన్పూరులో 1972లో పెట్టిన అలిమ్కో అనే ప్రభుత్వ రంగ సంస్థ. మొదటి శిబిరంలో కొలతలు తీసుకుంటారు, కొన్ని నెలలకు రెండో శిబిరంలో పంచుతారు, షామియానా వేస్తారు, ఫోటో తీస్తారు. లారీలో వచ్చేది ఫ్యాక్టరీలో వందల్లో తయారైంది. ఒక పిల్ల పిడికిలికీ ఒక ఇంటి గోడకూ సరిపోయేలా చేసే పని ఆ లారీలో ఎక్కదు. మా పాపకు ఒక శిబిరంలో చక్రాల కుర్చీ ఇచ్చారు. అది పెద్దవాళ్ళ కొలత. ఇంటి ముందు రెండు మెట్లు, ఆపైన గడప. కుర్చీ వరండాలోనే ఉండిపోయింది. ఇప్పుడు దాని మీద బట్టలు ఆరేస్తున్నారు. లెక్కలో మాత్రం పాపకు సాయం అందినట్టే.

ఇచ్చేవాడికి వికలాంగుడంటే రోడ్డు మీద కనబడే మనిషి. రోడ్డు మీద తిరగడానికి బండి ఇస్తే ఆ మనిషి మిగతా జనానికి కూడా కనబడతాడు. ఇంట్లో నేల మీద కూర్చున్న ఆడపిల్ల ఎవరికీ కనబడదు. ఆమెకు రోజంతా మీటగా పనిచేస్తున్న తల్లి అసలే కనబడదు. అక్క మూడో ఇంటి పని ఒప్పుకోలేక వదులుకుంది, పిల్ల కోసం మధ్యలో ఇంటికి రావాలి కాబట్టి. ఆ పోయిన జీతం రెండు నెలలది కూడితే బటన్లూ రిలేలూ అన్నీ వచ్చేవి.

పేర్లు మార్చడంలో మాత్రం ప్రభుత్వాలు ముందుంటాయి. 2015 చివర్లో ప్రధానమంత్రి దివ్యాంగులు అనే మాట వాడమన్నారు. మన రాష్ట్రంలో శాఖ పేరు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమం. మనల్ని హరిజనులన్న రోజులు గుర్తున్నవాళ్ళకు ఇందులో మర్మం చెప్పనక్కర్లేదు. దేవుడి బిడ్డలన్నారు, దేవుడి గుడిలోకి రానివ్వలేదు. ఇప్పుడు దివ్యమైన అంగాలంటున్నారు, ఆ అంగానికి అందేలా స్విచ్చి పెట్టమంటే పథకం లేదంటున్నారు. నేను వికలాంగులనే రాస్తున్నాను, ఉద్యమాలు చేసినవాళ్ళు ఆ మాటతోనే చేశారు కాబట్టి.

ఇంటి సంగతి, వాడ సంగతి

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించిన 1995 నాటి చట్టం పోయి ఇరవై ఒక్క రకాలను గుర్తించిన చట్టం వచ్చింది. అర్జీ రాసేవాళ్ళకు ఇందులో కొన్ని సెక్షన్లు చాలు. 17వ సెక్షన్: పద్దెనిమిదేళ్ళ దాకా వికలాంగ విద్యార్థులకు పుస్తకాలతో పాటు తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలి. 24వ సెక్షన్: ఆదాయ పరిమితికి లోబడి పరికరాలు ఉచితంగా ఇవ్వడం, ఎక్కువ తోడ్పాటు అవసరమైనవారికి సంరక్షకుల భత్యం. 37వ సెక్షన్: ఇళ్ళ కేటాయింపులో, పేదరిక నిర్మూలన పథకాల్లో ఐదు శాతం. 38వ సెక్షన్: ఎక్కువ తోడ్పాటు కావాలని వికలాంగులు గానీ వారి తరఫున వేరొకరు గానీ దరఖాస్తు పెట్టుకునే వీలు.

17వ సెక్షన్ గురించి టీచర్లకు ఒక మాట. బడికి రాలేని పిల్లకు ఇంటి దగ్గర చదువు చెప్పే ఏర్పాటు సమగ్ర శిక్షలో ఉంది. మన రాష్ట్రంలో మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాల టీచర్లు, ఫిజియోథెరపిస్టులు ఆ పని చూస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఏటా తలకు 3,500 రూపాయల లెక్కన కేంద్రం నిధులు లెక్కగడుతుంది. ఇల్లే బడి అయినప్పుడు ఆ ఇంట్లో లైటు వేసుకునే బటన్ చదువుకు సంబంధించిన పరికరమే అవుతుంది. ఈ వాదన రాసి పంపాల్సింది టీచరు. పాప పేరు హాజరు పట్టీలో ఉంది కదా, మరి పాప కూర్చునే చోటు ఎందుకు లేదు?

ఆరోగ్య బీమా నిరామయ సంగతి కూడా చాలామంది అడుగుతారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం, థెరపీ ఖర్చులు ఇస్తుంది. అందరూ చేర్పించుకోవలసిందే. కానీ ఇంటి గోడకు పెట్టే ఖర్చు అందులో రాదు.

ఇక పింఛను. 2014 అక్టోబరులో మన రాష్ట్రంలో ఎనభై శాతం దాటినవారికి 1,500, మిగతావారికి 1,000 అయింది. 2024 జులై నుంచి 6,000. పూర్తిగా మంచానికే పరిమితమైన కొన్ని కోవలవారికి 15,000. మా పాప ఆరు వేలలో ఉంది. పేరుకు పాప పింఛనే గానీ ఆ డబ్బుతో ఇల్లు నడుస్తుంది. బియ్యం, అప్పు, బావకు పనిలేని నెలల్లో అన్నీ దాంట్లోవే. "పింఛను ఇస్తున్నాం కదమ్మా, దాంట్లోంచి పెట్టించుకోండి" అని ఒక కార్యాలయంలో అక్కకు చెప్పారు. పింఛను బతకడానికి. పరికరం వేరే హక్కు. చట్టంలో రెండూ వేర్వేరు వాక్యాలుగా ఉన్నాయి, అధికారి నోట్లో ఒకటైపోతాయి.

ఈ పింఛన్లు ఎవరి దయ వల్లా పెరగలేదు. దండోరా ఉద్యమం నడిపిన మంద కృష్ణ మాదిగ 2007లో వికలాంగుల హక్కుల పోరాట సమితిని నిలబెట్టి ఊరూరా వికలాంగుల్ని రోడ్డెక్కించాడు. అంతకు ముందు 2004లో గుండె జబ్బు పిల్లల ఆపరేషన్ల కోసం ఆందోళన చేసింది కూడా ఆయనే. ఆయన రాజకీయాలతో నాకు పేచీలున్నాయి, అది వేరే వ్యాసం. కానీ కుల వివక్షనూ వైకల్యాన్నీ ఒకే వేదిక మీదికి తెచ్చింది మాదిగ పల్లెలో పుట్టిన నాయకుడేనన్న సంగతి యూనివర్సిటీల వైకల్య అధ్యయనాల్లో ఎందుకు కనబడదో ఆలోచించాలి. ఆ పోరాటం నెలనెలా వచ్చే డబ్బు దాకా వచ్చింది. ఇంటి లోపలికి ఇంకా పోలేదు.

ఇంటి లోపలికి పోవాలంటే వాడ గుండా పోవాలి. కాలనీ ఇళ్ళ స్థలాలు పల్లంలో ఇచ్చారు. వాన పడేదే తక్కువ గానీ పడిన రోజు నీళ్ళు ఇంట్లోకి వస్తాయి, అందుకని జనం అరుగులు ఎత్తు పెంచుకున్నారు. అరుగు పెరిగితే మెట్లు పెరిగాయి. మెట్లకూ రోడ్డుకూ మధ్య మూత లేని కాలువ. ఒకటే గది. మరుగుదొడ్డి బయట. పాప శరీరంలో ఉన్న వైకల్యం ఒకవంతు, స్థలం ఇచ్చినవాడు కొలిచి ఇచ్చిన వైకల్యం ఇంకోవంతు. రెండోదానికి సదరంలో శాతం రాయరు.

అందుకే నేను ఎస్సీ ఉప ప్రణాళిక గురించి అడుగుతున్నాను. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేశారు, పదేళ్ళ గడువు ముగిసేటప్పుడు 2023లో మన రాష్ట్రంలో ఇంకో పదేళ్ళు పొడిగించారు. ఎస్సీ వ్యక్తులకు, కుటుంబాలకు, నివాస ప్రాంతాలకు నేరుగా మేలు చేసే పనులకే ఆ నిధులు వాడాలని ఆ చట్టం ఉద్దేశం. ఆ నిధులు ఎక్కడెక్కడికి మళ్ళుతున్నాయని మనం చాలా రాశాం, రాయాలి కూడా. కానీ దేనికి వాడాలో మనం ఇచ్చే జాబితాలో రోడ్డు, కమ్యూనిటీ హాలు, విగ్రహం దగ్గరే ఆగిపోతున్నాం. వికలాంగులున్న ఎస్సీ ఇళ్ళకు వాలుదారి, లోపలే మరుగుదొడ్డి, చేతికందే స్విచ్చి, ఇవి నేరుగా ఒక కుటుంబానికి జరిగే మేలు కాకపోతే మరేది?

ఇట్లాంటి పద్దు లోకంలో లేనిదేం కాదు. ఇంగ్లండులో 1989 నాటి చట్టంతో వికలాంగుల ఇళ్ళ మార్పులకు గ్రాంటు మొదలైంది. అది స్థానిక సంస్థలు ఇచ్చి తీరవలసిన గ్రాంటు, ఇప్పుడు గరిష్ఠంగా 30,000 పౌండ్లు. లైట్లు, హీటింగు సులువుగా వేసుకునేలా మీటలు మార్చడం అందులో పేరుతో సహా ఉంది. వికలాంగ పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఆదాయం చూడటం 2005లో మానేశారు. అక్కడా ఆలస్యాలున్నాయి, తగువులున్నాయి. అయినా ఇల్లు అనేది వైకల్యానికి సంబంధించిన విషయమని ఒక పద్దు ఒప్పుకుంది. మన దగ్గర ఇంటికి ఒక శాఖ, కరెంటుకు ఒక శాఖ, కులానికి ఒక శాఖ, వైకల్యానికి ఒక శాఖ. పిల్ల ఒక్కతే.

అర్జీ

అర్జీ ఎట్లా రాయాలో మేము మొదట తప్పు రాసి తెలుసుకున్నాం. "మా పాపకు ఫ్యాను బటన్ ఇప్పించగలరు" అని రాశాం. ఫ్యాను అనే మాట చూసిన వెంటనే పక్కన పెట్టేశారు, ఇంట్లో సామాన్లు అడుగుతున్నారనుకున్నారు. పథకంలో ఏ మాట ఉందో ఆ మాటే రాయాలి. నిత్య జీవిత పనులకు సహాయక పరికరం. దానికి ఫిజియోథెరపిస్టు చేత గానీ డాక్టరు చేత గానీ సూచన రాయించుకోవాలి: పిల్ల ఏ చేత్తో ఏం చేయగలదు, ఏం చేయలేదు, ఎంత వెడల్పు బటన్, ఎంత ఎత్తులో, ఎన్ని వోల్టులు, ఏ ప్రమాదం నుంచి రక్షణ. ఎలక్ట్రీషియన్ దగ్గర అంచనా కాయితం. సదరం సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు కార్డు, ఆదాయం, కులం. ఇంటి ఫోటోలు రెండు, ఒకటి పాప కూర్చునే చోటు నుంచి స్విచ్చి కనబడేలా తియ్యాలి. చక్రాల కుర్చీ తీసుకుని ఉంటే ఆ సంగతి దాచొద్దు. కుర్చీ తిరగడానికి, బటన్ ఇంట్లో పనికి, రెండూ ఒకే అవసరానికి కావని ఒక వాక్యం రాయండి. మూడేళ్ళ నిబంధనకు జవాబు అదే.

అర్జీ సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరు తీసుకోవాలి. నకలు జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖకు ఒకటి, ఎస్సీ కార్పొరేషన్‌కు ఒకటి. పథకం లేదని జవాబు వస్తే బాధపడొద్దు, ఆ జవాబు రాతలో తీసుకోవాలి. నోటిమాటగా చెప్పి పంపిస్తే కదలొద్దు. ఆ కాయితం ఉంటేనే చట్టం కింద రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరికి పోవచ్చు, ఆయనకు విచారణలో సివిల్ కోర్టు అధికారాలు కొన్ని ఉన్నాయి.

మేము రెండో అర్జీ ఇచ్చి నాలుగు నెలలైంది. "అట్లాంటి పరికరం స్టాకులో లేదు" అని ఒకసారి ఫోనులో చెప్పారు. స్టాకులో లేదనడానికీ పథకంలో లేదనడానికీ తేడా ఉంది, ఆ మాటే రాసివ్వమన్నాం. రాలేదు.

ఈలోగా నా ఫెలోషిప్ డబ్బుల్లోంచి ఫ్యానుకు మాత్రం ఒక బటన్ పెట్టించాం. బ్రేకరు కూడా. మా వాడ కుర్రవాడే, ఐటీఐ చదివి రైల్వే పరీక్షలు రాస్తున్నాడు, కూలి తీసుకోలేదు. లైటు, గంట అర్జీలోనే ఉన్నాయి. మొదటి వారం పాప ఫ్యానును ఎన్నిసార్లు వేసిందో, ఎన్నిసార్లు ఆపిందో లెక్క లేదు. "మోటరు కాలిపోతాదే" అని అక్క తిట్టింది. ఇప్పుడు ఇంటికి పోయినవాళ్ళను పాప కాసేపు చూసి, వాళ్ళకు ఉక్కపోస్తోందని తనకనిపిస్తే ఫ్యాను వేస్తుంది.

వచ్చే ఫిబ్రవరికి పాపకు పన్నెండు నిండుతాయి. అప్పటి నుంచి ఒక్క ఏడాది గడువు పోయి మూడేళ్ళ గడువు వస్తుంది. అర్జీ నంబరు నా దగ్గరుంది.